ఐర్లాండ్‌కీ ఇటలీకీ పాత సంబంధం ఏదైనా ఉందా, లేక అమెరికా వలసలతోనే మొదలైందా?

ఉంది, అదీ 1400 ఏళ్ల నాటిది: 614 ప్రాంతంలో కొలంబానస్ అనే ఐరిష్ సన్యాసి ఉత్తర ఇటలీలోని బొబ్బియోలో మఠం పెట్టాడు. అప్పట్లో ఐరిష్ సన్యాసులు సొంతగడ్డను శాశ్వతంగా వదిలి పరాయి దేశం పోవడాన్నే తపస్సుగా భావించేవారు. అలా ఫ్రాన్స్ మీదుగా వచ్చిన ఆయనకు అప్పట్లో ఉత్తర ఇటలీని ఏలుతున్న లాంబార్డుల రాజు అగిలుల్ఫ్ స్థలం ఇచ్చాడు. మఠం పెట్టిన మరుసటి ఏడే కొలంబానస్ పోయాడు, సమాధీ అక్కడే.

మఠం మాత్రం పుస్తకాలకు పేరుపడింది. అక్కడి నుంచి మిలాన్‌లోని అంబ్రోసియన్ లైబ్రరీకి చేరిన ఒక బైబిల్ కీర్తనల వ్యాఖ్యానంలో, లాటిన్ వరుసల మధ్య చీమల్లాంటి అక్షరాలతో పాత ఐరిష్‌లో అర్థాలు రాసి ఉంటాయి, మన పిల్లలు ఇంగ్లిష్ రీడర్‌లో పెన్సిల్‌తో తెలుగు అర్థాలు రాసుకున్నట్టు. పాత ఐరిష్ భాష గురించి ఇవాళ తెలిసిన దాంట్లో చాలాభాగం ఇలాంటి రాతల పుణ్యమే.

జెండాలు దాదాపు ఒకేలా ఉన్నాయి కాబట్టి ఒకరిది చూసి ఒకరు పెట్టుకున్నారనుకుంటారు చాలామంది. కాదు. రెండింటికీ స్ఫూర్తి ఫ్రాన్స్ మూడు రంగుల జెండా. ఇటలీది 1797లో, ఐర్లాండ్‌ది 1848లో మొదలైంది. పైగా ఐర్లాండ్ జెండా చివర ఉన్నది ఎరుపు కాదు, నారింజ. అది అక్కడి ప్రొటెస్టెంట్లకు గుర్తు, ఆకుపచ్చ కాథలిక్కులకు.