అద్దె ఇంటి గోడకి ఫొటోలు: డ్రిల్లు చివర్లో తీయండి

పన్నెండు ఫ్రేములున్నాయి, సోఫా వెనక గోడంతా ఖాళీ, పైగా అద్దె ఇల్లు, ఎలా తగిలించాలి అని కదా మీరు అడిగింది. బెంగళూరుకి వచ్చాక మేం నాలుగు ఇళ్ళు మారాం, నాలుగింటిలోనూ ఈ పని నేనే చేశాను. ముందు డ్రిల్లు పక్కన పెట్టేయండి.

ఫ్రేములన్నీ నేల మీద పరిచి, పెద్దది మధ్యకి కాస్త పక్కగా ఉంచి, మిగతావి దాని చుట్టూ రెండు మూడు అంగుళాల సందుతో జరుపుకుంటూ చూడండి. కుదిరిందనిపించాక ఒక ఫొటో తీసుకుని, ఒక్కో ఫ్రేము సైజుకి పాత న్యూస్‌పేపరు కత్తిరించి మాస్కింగ్ టేపుతో గోడకి అతికించండి. రెండు మూడు రోజులు అలాగే వదిలేయండి. పొద్దున కాఫీ తాగుతూ, రాత్రి లైటు వేసుకుని చూస్తుంటే తప్పులు వాటంతటవే కనిపిస్తాయి. మా ఇంట్లో ప్రతిసారీ పేపర్లు మొదట అతికించిన చోటు నుంచి అర అడుగైనా కిందికి దిగాయి.

దీనికి కారణం మన అలవాటే అనుకుంటాను. ఊళ్ళో మా తాతయ్య పటం గుమ్మం పైన ఉండేది, కింద రెండు మేకుల మీద ఆనించి, పైన తాడు కట్టి ముందుకి వంచేవాళ్ళు. అంత ఎత్తులో ఉన్నా కింద నుంచి ముఖం కనపడాలని ఆ వంపు. ఇప్పుడు ఫ్రేములు గోడకి అంటుకునే ఉంటాయి కాబట్టి అంత పైన పెడితే గాజు మీద ట్యూబ్‌లైటు మెరుపు తప్ప ఏమీ కనపడదు. గ్యాలరీల్లో సాధారణంగా బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండేలా తగిలిస్తారు. ఇంట్లో 57 చాలు, సోఫా పైన అయితే వీపు ఆనే చోటికి ఆరేడు అంగుళాల పైన ఫ్రేము అడుగు మొదలవ్వాలి. రంధ్రం ఎక్కడ పెట్టాలో లెక్క ఇలా: ఫ్రేము ఎత్తు 20 అంగుళాలనుకోండి, వెనక తగిలించే వైరు పైకి లాగితే పై అంచుకి 3 అంగుళాల కింద ఆగుతుందనుకోండి, 57కి ఫ్రేము ఎత్తులో సగం, అంటే 10 కలిపి, 3 తీసేస్తే 64. అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

ఇక మేకు లేకుండా ఫ్రేముని గోడకి అతికించే జిగురు స్ట్రిప్పుల సంగతి. మారతహళ్ళిలో ఉన్నప్పుడు ఓనరు మేకులు వద్దన్నారని నానమ్మ ఫొటో వాటితోనే పెట్టాను. గోడకి డిస్టెంపరు వేసి ఉంది, చేత్తో రుద్దితే సుద్దలా వచ్చేది. స్ట్రిప్పు పెయింటుని పట్టుకుంది కానీ పెయింటు గోడని పట్టుకోలేదు. అర్ధరాత్రి పడి అద్దం పగిలి ఫొటో మీద గీత పడింది, ఆవిడది మా దగ్గరున్న మంచి ఫొటో అదొక్కటే. ఇప్పటికీ ఆ గీత చూస్తే బాధగానే ఉంటుంది. మీ గోడ చేతికి పొడి అంటేలా ఉంటే స్ట్రిప్పులు వద్దు. మంచి ఎమల్షన్ పెయింటు ఉంటే తేలికైన ఫ్రేములకి పర్వాలేదు, గాజున్న బరువైనవాటికి మాత్రం నేను వాడను.

ఆ బరువైనవాటి కోసం ఓనరుతో మాట్లాడి ఆరు రంధ్రాలకి ఒప్పించండి, అడ్వాన్సులో కోత గురించి ముందే తేల్చుకుని వాట్సాప్‌లో రాయించుకోండి. కొత్త అపార్ట్‌మెంట్లలో కొన్నిటికి గోడలన్నీ కాంక్రీటే, మేకు కొడితే వంగిపోతుంది లేదా ప్లాస్టరు పెచ్చు ఊడుతుంది. హ్యామర్ డ్రిల్లు, 6 మిల్లీమీటర్ల బిట్టు, స్క్రూ బిగుసుకునేలా రంధ్రంలో దిగ్గొట్టే ప్లాస్టిక్ ప్లగ్గు, దానికి సరిపడా స్క్రూ కావాలి. స్విచ్‌బోర్డుకి సరిగ్గా పైనా కిందా మాత్రం అస్సలు డ్రిల్లు పెట్టకండి, వైర్ల పైపు చాలావరకు ఆ నిలువు గీతలోనే పోతుంది. వెడల్పు ఫ్రేముకి ఒక స్క్రూ కాకుండా రెండు వేస్తే ఊరికే ఒరగదు.

బాత్‌రూమ్ వెనక గోడ అయితే ఫ్రేము కింది మూలల్లో చిన్న రబ్బరు ముక్కలు అంటించండి, చెమ్మ పట్టకుండా వెనక గాలి ఆడుతుంది. కలంకారీ ఉంటే ఎండ పడని గోడకే, సహజ రంగులు ఎండకి వెలిసిపోతాయి. జనవరిలో బెంగళూరు కుమారకృపా రోడ్డు మీద చిత్రాలమ్మే సంత, చిత్రసంతెలో ఇంకేమైనా కొంటారనుకుంటే ఒక చోటు ఖాళీగా ఉంచుకోండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ప్లగ్గులు లాగేసి, వాల్ పుట్టీ నింపి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దితే సరిపోతుంది, పోయిన ఇంట్లో నేను అలాగే చేశాను.