ముందు రాజమహల్ ఎదుట నిలబెట్టండి

ప్రశ్న: తిరుపతిలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. మా తరగతిలో ఇంట్లో తెలుగు, తమిళం, ఉర్దూ మాట్లాడే పిల్లలు కలిసి చదువుతున్నారు. మన ఊరి చరిత్రలో తమవాళ్లకు చోటు లేదని కొందరు అనుకుంటున్నారు. మ్యూజియంలో వారికి ఏమి చూపించాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ముందుగా చంద్రగిరి కోటకు తీసుకువెళ్లండి. పురావస్తు శాఖ మ్యూజియం అక్కడి రాజమహల్‌లోనే ఉంది. లోపలి విగ్రహాల దగ్గరకు తొందరపడకుండా, పిల్లలను కాసేపు భవనానికి ఎదురుగా నిలబెట్టండి. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన ఆ మూడంతస్తుల గోడల్లో కింద సుల్తానుల కట్టడాల్లో కనిపించే కమానులు, పైన గుడి గోపురాన్ని తలపించే శిఖరాలు ఉన్నాయి. ఇలాంటి కమానును ఎక్కడ చూశారని అడగండి. రోజూ మసీదుకు వెళ్లే పిల్లవాడే బహుశా ముందు చెయ్యెత్తుతాడు. నా దృష్టిలో ఆ రోజు పాఠానికి అంతకు మించిన ఆరంభం లేదు.

1639లో మద్రాసులో కోట కట్టుకోవడానికి ఇంగ్లీషు కంపెనీకి అనుమతినిచ్చిన స్థానిక పాలకులైన దామెర్ల నాయకులు, చంద్రగిరి నుంచి ఏలిన విజయనగర రాజులకు లోబడినవారేనని కూడా అక్కడే చెప్పండి. ఆ తరువాత ఈ కోట గోల్కొండ వారికి, మరికొంత కాలానికి మైసూరు హైదర్ అలీకి దక్కింది.

కోట తరువాత తిరుమల ఆలయ శాసనాలను చూపించండి. వాటిలో ఎక్కువ భాగం తమిళంలో ఉన్నాయి. 1513లో శ్రీకృష్ణదేవరాయలు తన కానుకలను తెలుగు, తమిళ, కన్నడ భాషల్లో చెక్కించారు. 1843 నుంచి తొంభై ఏళ్లపాటు ఆలయ పాలన ఉత్తరాది నుంచి వచ్చిన బైరాగుల హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉంది. శాసన పరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కృషితో దేవస్థానం అచ్చు వేసిన శాసన సంపుటాలను తరగతికే తెప్పించుకుంటే, కొండకు వెళ్లని పిల్లలు కూడా చదవగలుగుతారు. తమిళ పాఠాన్ని తమిళం వచ్చిన అమ్మాయి చేతనే బిగ్గరగా చదివించండి.

వీలైతే బడిలోనే ఒక రోజు ప్రదర్శన పెట్టండి. ప్రతి బిడ్డా ఇంటి నుంచి ఒక పాత వస్తువు తెచ్చి, దాని గురించి నాయనమ్మో, పాటీయో, నానీయో చెప్పిన మాటను ముందు ఇంటి భాషలో, కింద తెలుగులో రాయాలి. అట్ట మీద ఆ రెండు లిపులనూ ఒకే పరిమాణంలో రాయించడం మరవకండి.

శుక్రవారం చంద్రగిరి మ్యూజియానికి సెలవు. పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్టు లేదు.