గాలి నిండా నత్రజని ఉండగా యూరియా ఎందుకు కొనాలి?

మీ ప్రశ్న ఇదీ: "మా అమ్మాయి ఎనిమిదో తరగతి. గాలిలో 78 శాతం నత్రజనే అని సైన్సు పుస్తకంలో చదివి, 'మరి తాతయ్య యూరియా బస్తాలు ఎందుకు కొంటున్నాడు?' అని అడిగింది. నాకు కామర్స్ తప్ప ఇంకేం రాదు. ఎలా చెప్పాలి?"

ముందు మీ అమ్మాయికి నా తరఫున ఒక శభాష్ చెప్పండి. నేను ఇదే పాఠం చదివి, పరీక్షలో నాలుగు మార్కులకి నాలుగూ తెచ్చుకుని కూడా ఆ ప్రశ్న వేయలేదు. వేసి ఉంటే ఇంటర్లో మా నాన్న చేత తిట్లు తప్పేవి.

మాది దివిసీమ. అక్కడ వరి కోతకి రెండు మూడు రోజుల ముందు, పైరు ఇంకా నిలబడి ఉండగానే, మధ్యలో నడుస్తూ మినుములు చల్లేస్తారు. దుక్కి ఉండదు, తడి పెట్టడం ఉండదు. వరి కోసేసరికి కింద మొలక ఉంటుంది. నేలలో మిగిలిన పదునుతో, మంచుతో పంట వచ్చేస్తుంది. ఒక ఏడాది నాన్న ఎవరిదో పెళ్లికని ఊరెళ్లి నాలుగు రోజులు ఉండిపోయాడు. చేను కాస్త పాలిపోయినట్టు కనిపించింది. ఇంట్లో వరికి తెచ్చిన యూరియా అర బస్తా మిగిలి ఉంది. సైన్సు చదువుతున్నాను కదా, పొద్దున్నే మంచు తడి మీద ఒక మడి అంతా చల్లేశాను.

రెండు వారాల్లో ఆ మడి చూడాలి, నల్లగా మెరిసిపోయింది! ఆకు అరచేయంత. నేను గర్వంగా గట్టు మీద తిరిగాను. కాయ దశకి వచ్చేసరికి పక్క మడిలో గుత్తులు గుత్తులుగా కాయ, నా మడిలో ఆకే ఆకు. నాన్న ఒక మొక్క పీకి నా చేతిలో పెట్టి, "ఏరా, గొడ్లకి మేత వేశావా, మినుము వేశావా?" అన్నాడు. ఆ తర్వాత పార తెచ్చి రెండు మడుల్లోనూ ఒక్కో మొక్కని మట్టి గడ్డతో సహా లేపి కాలవలో ఝాడించాడు. పక్క మడి మొక్క వేళ్లకి ఆవగింజలంత, కొన్ని మిరియాలంత బుడిపెలు. నా మొక్కకి వెతికితే నాలుగైదు. పుస్తకంలో నేను బట్టీ కొట్టిన 'వేరు బుడిపెలు' అవేనని అప్పుడు తెలిసింది.

అసలు సంగతికి వస్తాను. గాలిలో నత్రజని ఉన్న మాట నిజమే, కానీ అది జంటలు జంటలుగా ఉంటుంది. రెండేసి పరమాణువులు మూడు బంధాలతో గట్టిగా పట్టుకుని ఉంటాయి. దాన్ని విడదీయడం మొక్కకి చేతకాదు. చేతిలో పీచు తీయని కొబ్బరికాయ ఉంది, కత్తీ లేదు, రాయీ లేదు, ఆకలేస్తోంది. మొక్క పరిస్థితి అదీ. దానికి ఆ కాయ కొట్టి ముక్కలు చేతిలో పెట్టాలి, అంటే అమ్మోనియాగానో నైట్రేట్‌గానో వేళ్ల దగ్గరికి రావాలి.

ఆ కొట్టే పని మెరుపులు కొద్దిగా చేస్తాయి. ఫ్యాక్టరీలు చేస్తాయి. జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ 1909లో ప్రయోగశాలలో చేసి చూపిస్తే, కార్ల్ బాష్ దాన్ని 1913కల్లా ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. చర్యని వేగంగా జరిపించే ఇనుము ఉత్ప్రేరకం, 400 డిగ్రీలు దాటిన వేడి, మామూలు గాలి పీడనానికి 150, 200 రెట్లు. మన రామగుండంలో యూరియాకి కావలసిన అమ్మోనియా చేసేదీ ఈ పద్ధతిలోనే. యూరియాలో నత్రజని 46 శాతం, అంటే 45 కిలోల బస్తాలో దాదాపు 21 కిలోలు. వాళ్ల తాతయ్య కొంటున్నది ఆ 21 కిలోలని, గాలిలోంచి విడదీసిన కూలితో సహా.

మూడోది రైజోబియం అనే బాక్టీరియా. అంత వేడీ, అంత పీడనమూ లేకుండా, మన చేలో, డిసెంబరు చలిలో, అదే పని చేస్తుంది. మినుము, పెసర, కంది, వేరుశనగ, జనుము వేళ్లలో ఇల్లు కట్టుకుంటుంది. ఊరికే చేయదు, మొక్క దానికి చక్కెర పెట్టాలి. ఈ బేరం మొక్కకి బాగా ఖర్చు. అందుకే నేలలో తేరగా యూరియా దొరికితే మొక్క బుడిపెలు కట్టడం తగ్గించేస్తుంది. నా మడిలో జరిగింది ఇదే. యూరియా వేసిన డబ్బూ పోయింది, ఉచితంగా వచ్చేదీ పోయింది.

ఇప్పుడు మీ అమ్మాయికి ఇది చూపించండి. చెప్పడం కన్నా చూపించడమే తేలిక. రెండు కుండీల్లో నల్ల మినుములో పెసలో వేయండి. ఒకదానికి పది రోజులకోసారి చిటికెడు యూరియా నీళ్లలో కలిపి పోయండి, రెండో దానికి ఉత్త నీళ్లు. ఒక జాగ్రత్త: హైదరాబాదులో మా ఫ్లాట్‌లో మొదటిసారి కోకోపీట్‌లో వేశాను. నెలకి తీసి చూస్తే ఏ కుండీలోనూ ఒక్క బుడిపె లేదు. మా వాడు నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను. కొబ్బరి పొట్టులో రైజోబియం ఎక్కడి నుంచి వస్తుంది? మరుసటి సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మినుము చేలోంచి రెండు దోసిళ్ల మట్టి తెచ్చి కలిపితే సరిపోయింది. వ్యవసాయం మందుల షాపులో రైజోబియం కల్చర్ పొట్లం దొరికినా పర్వాలేదు. రైతులు బెల్లం నీళ్లతో విత్తనాలకి పట్టించి నీడన ఆరబెట్టేది దాన్నే.

నెల రోజులు దాటి, పూత మొదలయ్యే వేళకి తీయండి. పీకకూడదు, పీకితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. కుండీని బకెట్ నీళ్లలో నానబెట్టి మట్టిని మెల్లగా జారనివ్వండి. ఒక బుడిపెని బ్లేడుతో (మీరే) కోయండి. లోపల లేత గులాబీ రంగు, పచ్చి మాంసం ముక్కలా ఉంటుంది. అది మన రక్తంలో హిమోగ్లోబిన్‌కి చుట్టం, పేరు లెగ్‌హిమోగ్లోబిన్. నత్రజనిని విడదీసే ఎంజైముకి ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది, కానీ బాక్టీరియా బతకడానికి ఆక్సిజన్ కావాలి. ఈ ఎర్రది ఆక్సిజన్‌ని కొద్దికొద్దిగా కొలిచి ఇస్తుంది. గులాబీగా ఉంటే బుడిపె పని చేస్తున్నట్టు. ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉంటే దాని పని అయిపోయినట్టు.

మా వాడు ఒకసారి మేడ మీద ఎండిపోయిన టమాటా మొక్క పీకి, "నాన్నా, దీనికీ బుడిపెలు!" అని ఎగిరాడు. అవి నులిపురుగులు చేసిన వాపులు, అంటే జబ్బు. గోటితో గీకితే రైజోబియం బుడిపె పక్కకి ఊడి వస్తుంది, నులిపురుగు వాపు రాదు, ఎందుకంటే అక్కడ వేరు తనే ఉబ్బింది.

రసాయన శాస్త్రం కూడా కావాలంటే, గ్లాసు నీళ్లలో రెండు చెంచాల యూరియా వేసి కలపమనండి. గ్లాసు చల్లబడుతుంది, ఉష్ణగ్రాహక చర్య అంటే అదే. ఇంకోటి, తడి మట్టిలో చెంచా యూరియా కలిపి సీసాలో వేసి, పసుపు రాసిన తడి కాగితాన్ని మట్టికి తగలకుండా లోపల వేలాడదీసి మూత పెట్టండి. మాకు రెండో రోజుకి కాగితం ఎర్రబారింది. మట్టిలోని సూక్ష్మజీవులు యూరియాని అమ్మోనియాగా మార్చాయి, అమ్మోనియా క్షారం, పసుపు ఎర్రబడింది. చేలో పైపైన చల్లిన యూరియా గాలిలోకి పోయేదీ ఇలాగే. మూత తీసేటప్పుడు ముక్కు దగ్గర పెట్టవద్దనండి, చేతులు కడుక్కోమనండి.

పుస్తకాల్లో ఒక మాట కొంచెం ఎక్కువ చేసి చెబుతారు, పప్పు పంట వేస్తే నేలకి నత్రజని వస్తుందని. ఆ నత్రజనిలో పెద్ద వాటా గింజలో చేరి మన ఇడ్లీ పిండిలోకి వచ్చేస్తుంది. మినుము మొక్క మొత్తం పీకి కుప్ప వేస్తే నేలకి మిగిలేది రాలిన ఆకు, తెగిన వేళ్లు. నేలకి నిజంగా పెట్టాలంటే జనుము, జీలుగ, పిల్లిపెసర వేసి, పూత దశలో కోయకుండా దున్నేయాలి. మా తాత వరికి ముందు జీలుగ దున్నించేవాడు.

మీ అమ్మాయి తర్వాత అడగబోయేది "మరి వరికి ఎందుకు రావు బుడిపెలు?" అని. రైజోబియానికి, వరికి ఆ బేరం కుదరలేదని చెప్పండి. కుదర్చాలని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ప్రయత్నిస్తూనే ఉన్నారు. వరికి వేరే దారి ఉంది, మడి నీళ్ల మీద పచ్చటి తివాచీలా పరుచుకునే అజొల్లా. దాని ఆకు లోపల నీలి ఆకుపచ్చ శైవలం కాపురం ఉంటుంది, అదీ గాలి నత్రజనిని పట్టేస్తుంది. గేదెల మేతకని ఊళ్లో ఎవరైనా టార్పాలిన్ గుంటలో పెంచుతుంటే గుప్పెడు అడిగి తీసుకోండి, బాల్కనీలో టబ్బులో కూడా పెరుగుతుంది.