రెండు కాపీలూ ఒకే బీరువాలోనా అండీ?

మీ పోస్టు చదివి ప్రాణం ఉసూరుమంది. లంకలో ఇల్లు, మీరు తీసిన పెళ్లి వీడియోల హార్డ్ డిస్కులు రెండూ బీరువా కింది అరలో, ఇంట్లోకి గోదారి. ముందు ఆ తడి డిస్కులకి కరెంటు ఇవ్వకండి, ఎండలోనూ పెట్టకండి. తడితోనే కవర్లో చుట్టి డేటా రికవరీ వాళ్లకి పంపండి.

ఇక "గూగుల్ వాళ్ల డిస్కులు పోవా?" అన్నారు. పోకేమండీ! వేల డిస్కులున్న చోట ఏదో ఒకటి పోతూనే ఉంటుందని ముందే లెక్కేసుకుని కట్టుకున్నారు. 2003లో వాళ్లు బయటపెట్టిన ఫైల్ సిస్టమ్, అంటే ఫైళ్లు దాచే పద్ధతి చూడండి. అందులో ఫైలుని 64 ఎంబీ ముక్కలుగా కోసేవారు, ఒక్కో ముక్కనీ మూడు మెషీన్లలో, అదీ మెషీన్లు పేర్చే వేరే వేరే ర్యాకుల్లో పెట్టేవారు. ఏ ముక్క ఎక్కడుందో మాస్టర్ అనే పెద్ద మెషీన్ దగ్గర చిట్టా ఉండేది. ఒక మెషీన్ పలక్కపోతే, మిగిలిన కాపీల నుంచి ఇంకోటి తీయించేది. మనిషి లేచి వెళ్లక్కర్లేకపోయేది.

మూడు కాపీలంటే మూడింతల చోటు మరి. అందుకే ఫేస్‌బుక్ పాత ఫొటోలకి ఇంకో కిటుకు వాడింది: 10 ముక్కలకి, వాటి నుంచే లెక్కకట్టిన ఇంకో 4 ముక్కలు కలుపుతారు, ఆ 14లో ఏ 10 దక్కినా సరుకంతా వెనక్కొస్తుంది. డేటా సెంటర్లో పట్టే చోటు 1.4 రెట్లే.

మీకు అంత సరంజామా ఎందుకు? ఒకటి మీ స్టూడియోలో, ఒకటి క్లౌడ్‌లో, ఇంకోటి వరద రాని ఊళ్లో మీ అత్తారింట్లో. మేడ మీద గది వేరే ఊరు కాదండోయ్. రెండు నెలలకోసారి నాలుగు ఫైళ్లు తెరిచి, ఆడుతున్నాయో లేదో చూసుకోండి.