ఓడ ఆగేది ఒక్క పూటే: సొంతంగా ఊరు చూసి రావడమెలా?

క్రూజ్ ఓడ రేవులో ఆగిన ఆ కాసిని గంటల్లో, ఓడవాళ్ళ టూరు తీసుకోకుండా సొంతంగా తిరిగి రావాలనుకునే పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: మా ఓడ రోమ్ కోసం చివిటావెక్కియాలో ఉదయం 7 నుంచి సాయంత్రం 7 వరకు ఆగుతుంది. పన్నెండు గంటలున్నాయి కదా! వాటికన్ మ్యూజియాలు, కొలోసియం, ట్రెవి ఫౌంటెన్ మూడూ చూసేయొచ్చా?

మీ చేతిలో ఉన్నది పన్నెండు గంటలు కాదు, ఆరు. ఎలాగో చూడండి. లెక్క ఎప్పుడూ ఓడ వచ్చే టైము నుంచి ముందుకు కాకుండా, ఓడ ఎక్కాల్సిన గడువు నుంచి వెనక్కి వేసుకోవాలి.

ఓడ బయల్దేరేది 7కి అయినా ప్రయాణికులంతా లోపల ఉండాల్సిన ‘ఆల్ అబోర్డ్’ టైము సాధారణంగా అరగంట ముందే ఉంటుంది. కొన్ని ఓడల్లో గంట ముందు కూడా. మీకు 6:30 అనుకుందాం. గంటన్నర వెసులుబాటు తీసేస్తే 5 గంటలకల్లా మీరు చివిటావెక్కియా స్టేషన్‌లో దిగాలి. అంటే రోమ్‌లో 4 గంటల ప్రాంతంలో రైలెక్కాలి. ఆ రైలు తప్పిపోతే తర్వాతి రైలుకు వచ్చినా ఓడ అందుతుంది. వెసులుబాటు పెట్టుకునేది అందుకే.

ఇక ఉదయం వైపు చూద్దాం. ఓడ 7కి రేవులో కట్టినా, స్థానిక అధికారుల అనుమతి వచ్చి జనం దిగడం మొదలయ్యేసరికి అరగంటో ముప్పావుగంటో పడుతుంది. ఈ రేవు లోపల నడవనివ్వరు. షటిల్ బస్సులో లార్గో డెల్లా పాచే దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఇంకో బస్సులోనో, ఇరవై నిమిషాలకు పైగా నడిచో స్టేషన్ చేరాలి. 8:45 ప్రాంతంలో రైలు దొరికితే రోమ్‌లో కాలు పెట్టేసరికి సుమారు 9:45. సాయంత్రం 4 వరకు మీకు మిగిలింది ఆరు గంటల పైచిలుకు. అందులోనే భోజనం, క్యూలు, దారి వెతుక్కోవడం.

కాబట్టి రోమ్‌ని రెండు ముక్కలుగా చూడండి, ఒక ముక్కే ఎంచుకోండి. వాటికన్ కావాలంటే రోమ్ ప్రధాన స్టేషన్ టెర్మినీ దాకా పోవద్దు, అంతకు ముందే వచ్చే రోమా సాన్ పియెత్రో స్టేషన్‌లో దిగండి. సెయింట్ పీటర్స్ చౌకు అక్కడికి నడిచేంత దూరమే. ఆదివారాల్లో వాటికన్ మ్యూజియాలు మూసి ఉంటాయి, నెలలో చివరి ఆదివారం మాత్రం మినహాయింపు. ఓడ టికెట్ కొనేముందే వారం చూసుకోవడం మంచిది.

కొలోసియం వైపు అయితే టెర్మినీలో దిగి మెట్రో బి లైన్‌లో రెండో స్టాపు. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనాలి. టికెట్ మీద పేరూ టైమూ ఉంటాయి, గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపాలి. 10:30 స్లాటు తీసుకుని పరుగెత్తే కంటే 11:30 తీసుకోండి. ఉదయం అరగంట ఆలస్యమైనా టికెట్ పోదు. అక్కడి నుంచి ప్రాచీన రోమన్ ఫోరం శిథిలాల పక్కగా ట్రెవి ఫౌంటెన్‌కు నడవొచ్చు. తిరుగు ప్రయాణానికి బార్బెరీని స్టేషన్‌లో మెట్రో ఎ లైన్ ఎక్కితే టెర్మినీ రెండో స్టాపు.

ఇక్కడ జనం తప్పు చేసే చోట్లు మూడున్నాయి. ఒకటి, టెర్మినీలో చివిటావెక్కియా ప్రాంతీయ రైళ్ళు తరచూ 25 నుంచి 29 వరకున్న ప్లాట్‌ఫారాల నుంచి బయల్దేరతాయి. అవి ప్రధాన హాలుకు బాగా దూరం. నడకకే పది నిమిషాలు ఉంచుకోండి. రెండు, ప్రాంతీయ రైలు కాగితం టికెట్‌ను ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీది యంత్రంలో పెట్టి ముద్ర వేయించాలి. కొన్న టికెట్ జేబులో ఉన్నా ముద్ర లేకపోతే జరిమానా. మూడోది సమ్మె. ఇటలీలో రవాణా సమ్మెలు ముందుగానే ప్రకటిస్తారు. పనిదినాల్లో సమ్మె ఉన్నా ప్రాంతీయ రైళ్ళు తప్పకుండా నడవాల్సిన వేళలు ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9. మీరు తిరిగొచ్చే 4 గంటల వేళకు ఆ హామీ వర్తించదు. సమ్మె రోజైతే రైలు మానుకుని ఓడవాళ్ళ బస్సులో వెళ్ళడమే తెలివైన పని.

ప్రశ్న: మా ప్రయాణ పట్టికలో ‘బ్యాంకాక్’, ‘పారిస్’ అని రాశారు. రేవు ఊరికి దగ్గరేనా?

కాదు. క్రూజ్ పట్టికల్లో పెద్దక్షరాల్లో కనిపించేది దూరాన ఉన్న పేరున్న నగరం. అసలు రేవు పేరు పక్కన చిన్నక్షరాల్లో ఉంటుంది. చదవాల్సింది దాన్నే. బ్యాంకాక్ అంటే చాలాసార్లు లెమ్ చబాంగ్, నగరం నుంచి వంద కిలోమీటర్లకు పైనే. పారిస్ అంటే లె ఆవ్ర్, సుమారు 200 కిలోమీటర్లు. బెర్లిన్ అంటే బాల్టిక్ ఒడ్డున ఉన్న వార్నెముండె, రైల్లో ఒక్కవైపే దాదాపు మూడు గంటలు. ఫ్లోరెన్స్ అంటే లివోర్నో, సుమారు 90 కిలోమీటర్లు.

మేం పాటించే కొలత ఇది: ఓడ రేవులో ఉండే సమయంలో, రానూ పోనూ ప్రయాణానికే మూడో వంతు కంటే ఎక్కువ పోయేట్టుంటే ఆ నగరం వదిలేయండి. పదింటికి వచ్చి ఆరింటికి పోయే ఓడలో లె ఆవ్ర్ నుంచి పారిస్ వెళ్తే ఐఫెల్ టవర్‌ను కింద నిలబడి చూసి వెనుదిరగాల్సిందే. అదే రోజు దగ్గర్లోని ఓన్‌ఫ్లర్ పాత రేవు, లేదా ఎత్రెతా తెల్ల సుద్దరాతి కొండలు తీరిగ్గా చూడొచ్చు. లివోర్నోలో దిగితే పీసా రైల్లో పావుగంట, ఇరవై నిమిషాలు. లెమ్ చబాంగ్‌లో పట్టాయా దగ్గర.

కొన్ని రేవులు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. మలేషియాలోని పెనాంగ్‌లో స్వెట్టెన్‌హామ్ పియర్ దగ్గర దిగితే జార్జ్ టౌన్ పాత వీధుల్లోకి నడిచే వెళ్ళొచ్చు. మోంటెనెగ్రోలోని కోటోర్‌లో ఓడ రేవులో కడితే కోటగోడ ఎదురుగానే ఉంటుంది. అలాంటి చోట్ల టూరుకు డబ్బు కట్టడం దండగ.

ప్రశ్న: గ్రీసు దీవి శాంటోరినిలో టెండర్ పడవలు అంటున్నారు. ఓడ ఒడ్డుకు రాదా? మధ్యాహ్నం కేబుల్ కార్ దగ్గర ఇబ్బంది అని విన్నాం.

రాదు. పెద్ద ఓడలకు అక్కడ కట్టుకునే గట్టు లేదు. అగ్నిపర్వతం కూలి ఏర్పడ్డ లోతైన కాల్డెరా నీళ్ళలో ఓడ నిలబడుతుంది. చిన్న పడవలు, అంటే టెండర్లు, జనాన్ని ఒడ్డుకు చేరుస్తాయి. ఓడవాళ్ళ టూరు కొన్నవాళ్ళకే మొదటి పడవలు. మిగతావాళ్ళు నంబరు చీటీ తీసుకుని వంతు కోసం ఆగాలి. ఆ చీటీలు ఎన్నింటికి, ఏ హాల్లో ఇస్తారో ముందు రోజు రాత్రే ఓడ దినపత్రంలో, అంటే మర్నాటి కార్యక్రమాలు అచ్చేసి ఇచ్చే కాగితంలో, చూసుకోండి. ఇల్లాలు చీటీల దగ్గర, పిల్లలు ఫలహారశాలలో, మీరు గదిలో ఉంటే కుదరదు. అందరూ సిద్ధమయ్యాకే చీటీ ఇస్తామనే ఓడలు ఎక్కువ.

సొంతంగా వెళ్ళేవాళ్ళు దిగేది దీవి ప్రధాన పట్టణం ఫిరా ఉన్న కొండ అడుగున, పాత రేవులో. పైకి దారులు మూడు: కేబుల్ కార్, 588 మెట్లు, గాడిదలు. గాడిదలను మేం సూచించం. ఎండలో బరువు మోసే ఆ మూగజీవాల అవస్థ ఒకటి, నున్నగా అరిగిన మెట్ల మీద మీ భద్రత ఒకటి. పొద్దున్నే కేబుల్ కార్‌లో వెళ్ళిపోండి.

అసలు చిక్కు తిరిగి దిగేటప్పుడు. రోడ్డున్న అథినియోస్ రేవులో దిగి బస్సుల్లో తిరిగిన టూరువాళ్ళను కూడా చివరికి ఫిరాలోనే వదులుతారు. మూడు నాలుగు ఓడలున్న రోజున వాళ్ళూ మీరూ అదే కేబుల్ కార్ వరుసలో నిలబడతారు. గంట, ఒక్కోసారి అంతకుమించి పడుతుంది. అందుకే ముందు దూరంగా ఉన్న ఓయా ఊరికి వెళ్ళండి. ఫిరాను చివరికి పెట్టుకోండి. అప్పుడు వరుస ఎంతుందో కళ్ళారా చూస్తూ తిరగొచ్చు. చివరి టెండర్‌కు రెండు గంటల ముందు వరుసలో చేరండి. వరుస కదలకపోతే మెట్లు దిగొచ్చు, మోకాళ్ళు బాగుంటే సుమారు అరగంట. జారని చెప్పులు తప్పనిసరి. మెట్ల మీద గాడిద పేడ ఉంటుంది, ఎదురుగా గాడిదలూ వస్తుంటాయి.

ఇంకో మాట. టెండర్ రేవులన్నిటిలోనూ చూసుకోవాల్సిన గడువు ఓడ బయల్దేరే టైము కాదు, చివరి టెండర్ టైము.

ప్రశ్న: ఓడ టైము, ఊరి టైము వేరుగా ఉంటే దేన్ని నమ్మాలి?

ఓడ టైమునే. ఫ్లోరిడా నుంచి ఎండాకాలంలో మెక్సికోలోని కోజుమెల్ వెళ్ళే ఓడలే ఉదాహరణ. కోజుమెల్‌లో ఏడాది పొడవునా ఒకటే టైము, వేసవిలో గడియారం ముందుకు జరపరు. ఫ్లోరిడాలో జరుపుతారు. ఓడ ఫ్లోరిడా టైమే ఉంచుకుంటే, 4:30కి ఓడ ఎక్కాలంటే ఊళ్ళో గడియారం ప్రకారం 3:30కే ఎక్కాలి. దిగగానే ఊరి టైముకు మారిపోయిన ఫోన్ చూసుకుని ‘ఇంకా గంటుంది’ అనుకున్నవాళ్ళే గట్టు మీద మిగిలిపోతారు. ఫోన్‌లో ఆటోమేటిక్ టైము ఆపేయండి. అంతకంటే మేలు, ముళ్ళున్న మామూలు చేతి గడియారం ఒకటి ఓడ టైముకు పెట్టుకోండి. స్థానిక గైడుతో, టాక్సీ డ్రైవర్‌తో మాట్లాడేటప్పుడు మాత్రం ఊరి టైములో చెప్పాలి. ఈ తేడా ఉంటే ఆ రెండు టైములూ చీటీ మీద రాసి చూపించండి.

ప్రశ్న: ఒకవేళ ఓడ తప్పిపోతే?

ఓడ ఆగదు. నిర్దయ కాదు అది. ఓడను బయటికి నడిపించే పైలట్ ఆ టైముకే వస్తాడు, ఆ గట్టు మరో ఓడకు రాసి ఉండొచ్చు, ఆలస్యాన్ని పూడ్చడానికి వేగం పెంచితే ఇంధనం విపరీతంగా తాగుతుంది. ఓడవాళ్ళ సొంత టూరు బస్సు ఆలస్యమైతే ఆగుతారు, లేదా తర్వాతి రేవుకు చేర్చే ఏర్పాటు చేస్తారు. సొంతంగా తిరిగేవాళ్ళకు ఆ రక్ష లేదు. మీరు ముందే ఒప్పుకుని తీసుకునే బాధ్యత ఇది.

ప్రతి రేవులోనూ ఓడ కంపెనీ తరఫున పోర్ట్ ఏజెంట్ ఒకరుంటారు. పేరు, ఫోన్ నంబరు దినపత్రంలో ఉంటాయి. దిగేముందు దాన్ని ఫోటో తీసుకోండి, కాగితం మీదా రాసుకోండి. ఆలస్యమయ్యేట్టుందని తెలియగానే, గడువు దాటకముందే ఫోన్ చేయండి. ఓడ దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ చేసే కార్డు స్కానింగ్ వల్ల ఎవరు రాలేదో ఓడలో తెలిసిపోతుంది. చాలా ఓడల్లో అప్పుడు గది లాకర్‌లోంచి పాస్‌పోర్టు తీసి ఏజెంటుకు అప్పగించి వెళ్తారు. కాబట్టి ఓడ వెళ్ళిపోయినా ముందు రేవుకే రండి, విమానాశ్రయానికి పరుగెత్తకండి.

తర్వాతి రేవుకు ఖర్చు మీదే. అది వేరే దేశమైతే, ఓడలో వెళ్ళేవారికి అవసరం పడని వీసా విమానంలో వెళ్ళేవారికి అవసరం పడొచ్చు. మీ నిర్లక్ష్యం వల్ల ఓడ తప్పితే బీమా ఇస్తుందా లేదా అన్నది పాలసీలో ముందే చదవండి. ఒడ్డుకు దిగేటప్పుడు సంచిలో పాస్‌పోర్టు, వీసా నకళ్ళు, ఒక బ్యాంకు కార్డు, రోజూ వేసుకునే మందులు రెండు రోజులకు సరిపడా, ఫోన్ చార్జర్ ఉండాలి. ఒరిజినల్ పాస్‌పోర్టు వెంట ఉండాలా అన్నది ఆ దేశపు నియమాన్ని బట్టి రిసెప్షన్‌లో అడగండి. కొన్ని ప్రయాణాల్లో పాస్‌పోర్టులు ఓడవాళ్ళే దగ్గర ఉంచుకుంటారు.

ప్రశ్న: అమ్మానాన్నలకు డెబ్బై దాటాయి. రైళ్ళు, బస్సులు మారలేరు. టాక్సీ మాట్లాడుకోవచ్చా?

నిక్షేపంగా మాట్లాడుకోవచ్చు. నలుగురుంటే ఓడ టూరు కంటే తరచూ చవకే పడుతుంది. బేరం గంటల లెక్కన కుదుర్చుకోండి, చూడాల్సిన చోట్ల లెక్కన కాదు. మొత్తం ఎంత, ఏ కరెన్సీలో, మనిషికా బండికా అన్నవి కాగితం మీద రాయించండి. ‘మనిషికి’ అన్న మాట దిగేటప్పుడు బయటపడితే గొడవే. డబ్బు చివర్లో, రేవు గేటు దగ్గర దిగాకే ఇవ్వండి. గేటు నుంచి ఓడ దాకా ఎంత నడవాలో ఉదయమే చూసి గుర్తుపెట్టుకోండి. పెద్ద రేవుల్లో అది కిలోమీటరు ఉండొచ్చు.

ప్రశ్న: టికెట్లన్నీ ముందే కొన్నాక ఓడ ఆ రేవుకు వెళ్ళకపోతే?

గాలి, అలలు ఎక్కువైతే, ముఖ్యంగా టెండర్ రేవుల్లో, ఆగకుండా వెళ్ళిపోవడం మామూలే. ఓడ టూరు డబ్బు వెనక్కొస్తుంది, మీరు విడిగా కొన్నది దాన్ని అమ్మినవారి నియమం మీద ఉంటుంది. ‘ఓడ రేవుకు రాకపోతే పూర్తి సొమ్ము వాపసు’ అని స్పష్టంగా రాసిచ్చే గైడునే ఎంచుకోండి. మ్యూజియం టికెట్లకు సాధారణంగా ఆ వెసులుబాటు ఉండదు. కాబట్టి ముందే కొనకపోతే దొరకని వాటికే ముందు డబ్బు పెట్టండి.

ప్రశ్న: గ్రీసు, తుర్కియే, మళ్ళీ గ్రీసు. ఒకే షెంగెన్ వీసా సరిపోతుందా?

షెంగెన్ వీసా కావాల్సిన వారైతే సింగిల్ ఎంట్రీ సరిపోదు. తుర్కియేలో ఆగడమంటే షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల ప్రాంతం) దాటి మళ్ళీ రావడమే కనుక మల్టిపుల్ ఎంట్రీ అడగాలి. ఆడ్రియాటిక్ ప్రయాణాల్లో ఇదే చిక్కు కోటోర్‌తో వస్తుంది. దానికి ముందూ వెనకా వచ్చే క్రొయేషియా, ఇటలీ రేవులు షెంగెన్‌లో ఉన్నాయి, మోంటెనెగ్రో లేదు. తుర్కియే, మోంటెనెగ్రోల్లో దిగడానికి మీ పాస్‌పోర్టుకు విడిగా వీసా కావాలేమో ఆ దేశాల రాయబార కార్యాలయాల దగ్గర కనుక్కోండి. కావాల్సిన వీసా లేదని తేలితే, మీరు ఓడ దిగకుండా కూర్చుంటామన్నా మొదటి రేవులో ఓడ ఎక్కనివ్వకపోవచ్చు.