కొత్తగా క్లస్టర్ బాధ్యత తీసుకున్న మేనల్లుడికి

శ్రీకాకుళం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

విజయనగరం ఆఫీసులో సర్వర్ల పని మొత్తం నీ చేతికిచ్చారని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన స్కానర్ రిపోర్టు చూశాను. ఒక్క ఎర్ర గీత లేదు, సంతోషం. కానీ అది చూసి నిశ్చింతగా కూర్చోకు. ఆ స్కానర్ చూసేది ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్‌లో ఉందో, దానిలో తెలిసిన లోపాలేమున్నాయో, అంతే. మీ ఆఫీసులో ఎవరికి ఏ అనుమతి ఇచ్చారో, అది ఇవ్వాల్సిందో కాదో దానికేం తెలుసు?

పనిచెయ్యాల్సింది పనిచేస్తోందా అని అందరూ చూస్తారు. లేకపోతే పది నిమిషాల్లో ఫోన్లొస్తాయి. "నీకు అనుమతి లేదు" అనే జవాబు రావాల్సిన చోట వస్తోందా లేదా అని మాత్రం ఎవరూ చూడరు. అది రాకపోతే ఫిర్యాదు చేసేవాడెవడు? ఆ పని నువ్వు చెయ్యి. ప్రతి అప్‌గ్రేడ్ తర్వాతా చెయ్యి.

అప్‌గ్రేడ్ తర్వాత అని ఎందుకంటున్నానో చెప్తాను. ప్రోగ్రామ్‌లని కంటైనర్లనే విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపే డాకర్‌కి వచ్చే ఆదేశాల్లో దేన్ని ఒప్పుకోవాలి, దేన్ని ఆపాలి అని తేల్చడానికి ఆథ్‌జెడ్ ప్లగిన్ అని ఒకటి తగిలించుకోవచ్చు. లోపల సరుకు పొడవు సున్నా అని రాసి ఆదేశం పంపితే, డాకర్ ఆ సరుకు చూపించకుండానే ప్లగిన్‌ని అడిగేది. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీ గేటులో "ఖాళీ బండి" అని చీటీ చూపిస్తే, టార్పాలిన్ ఎత్తకుండా లారీని వదిలేసినట్టు. దీన్ని 2018లోనే కనిపెట్టారు. 2019 జనవరిలో 18.09.1 వెర్షన్‌లో సరిచేశారు కూడా. తీరా చూస్తే ఆ సవరణ తర్వాతి పెద్ద వెర్షన్లలోకి చేరనేలేదు. 2024 జులైలో సీవీఈ-2024-41110 అనే లోపాల జాబితా నంబరుతో మళ్లీ ప్రకటించాల్సి వచ్చింది. ప్లగిన్ వాడనివాళ్లకు దీనితో గొడవ లేదు. వాడేవాళ్లలో మాత్రం, శ్రద్ధగా కొత్త వెర్షన్ వేసుకున్నవాళ్లకే పాత లోపం తిరిగొచ్చింది. ఆ ఐదేళ్లలో రిలీజ్ నోట్స్ ఎంత చదివినా ఇది తెలిసేది కాదు. ఆపాల్సిన ఆదేశాన్ని అలా వంకరగా పంపి చూస్తేనే తెలిసేది.

కాబట్టి ఒక ఉత్తుత్తి యూజర్‌ని తయారుచెయ్యి. మీ డెవలపర్లకి ఎంత అనుమతి ఉందో వాడికీ అంతే ఇవ్వు. ఆ కంటైనర్లని చాలా సర్వర్ల గుంపు (అదే క్లస్టర్) మీద నడిపించే కుబర్నెటీస్‌లో "ఆథ్ క్యాన్-ఐ" కమాండ్‌కి లిస్ట్ అని చేర్చి అడిగితే, వాడు ఏమేం చెయ్యగలడో వరసగా చెప్తుంది. ఆ వరసలో నువ్వు ఊహించనివి కొన్ని తప్పకుండా ఉంటాయి. అక్కడితో ఆగకు. ఆ కమాండ్ చెప్పేది కాగితం మీద రాసిన అనుమతుల సంగతి. సాఫ్ట్‌వేర్‌లోనే లోపముంటే దానికి తెలియదు. ఆ యూజర్‌గా లాగినై పక్క నేమ్‌స్పేస్‌లో (క్లస్టర్‌లో విడదీసిన ఒక గది) సీక్రెట్, అంటే పాస్‌వర్డ్‌లాంటి రహస్యం, చదవబోయి, "అనుమతి లేదు" అని తిట్లు తిను.

కుబర్నెటీస్ రోల్స్‌లో, అంటే అనుమతుల పట్టీల్లో, అనుమతి ఇవ్వడమే ఉంది కానీ, ఫలానావాడికి వద్దు అని రాసే వీలు లేదు. ఇచ్చినవన్నీ కూడుకుంటూ పోతాయి. నువ్వు ఎంత పొదుపుగా రోల్ రాసినా, ఎప్పుడో అర్ధరాత్రి టెన్షన్‌లో ఎవరో కట్టిన క్లస్టర్-అడ్మిన్ బైండింగ్ (సర్వాధికారమిచ్చే రోల్‌ని ఒకరికి ముడివేసే రాత) ఒకటి మిగిలిపోతే నీ శ్రమంతా వృథా. మొదట వెతకాల్సింది వాటినే. తర్వాత సీక్రెట్స్ మీద లిస్ట్ అనుమతి చూడు. పేర్లే కదా కనబడేది అనుకుని ఇచ్చేస్తారు. ఆ జాబితాలో లోపలి విలువలు కూడా వచ్చేస్తాయి, అవి ఎవరైనా విప్పి చదవగల బేస్64 రాతలో ఉంటాయి తప్ప ఎన్‌క్రిప్ట్ అయి ఉండవు. పాడ్ (కుబర్నెటీస్ కంటైనర్లని నడిపే మూట) తయారుచేసే అనుమతి ఇంకా గడుసుది. పాడ్ పుట్టించగలిగినవాడు ఆ నేమ్‌స్పేస్‌లోని ఏ సర్వీస్ అకౌంట్‌నైనా (ప్రోగ్రామ్‌లకిచ్చే ఖాతా) దానికి తగిలించి, దాని అధికారంతో తిరగగలడు. ఏపీఐ సర్వర్‌తో (క్లస్టర్‌కి వచ్చే ఆదేశాలన్నీ అందుకునే చోటు) మాట్లాడే పని లేని పాడ్లలో టోకెన్ ఆటోమౌంట్, అంటే ఆ ఖాతా తాళం దానంతటదే లోపల చేరడం, ఆపెయ్యి.

డాకర్ గ్రూపులో ఎవరెవరు ఉన్నారో చూశావా? "అడ్మిన్ అధికారం కోసం ప్రతిసారీ సుడో కొట్టలేక చస్తున్నాం సార్" అంటే చేర్చేస్తారు. ఆ గ్రూపులో ఉండటమంటే ఆ మెషీన్ మీద రూట్‌గా, అంటే సర్వాధికారిగా, ఉండటమే, నాకైతే రెంటికీ తేడా కనబడదు. డాకర్ ఆదేశాలు అందుకునే సాకెట్‌ని కంటైనర్ లోపలికి మౌంట్ చెయ్యడమూ అంతే. ప్రోగ్రామ్‌లని కూర్చి తయారుచేసే బిల్డ్ సర్వర్లలో ఇది ఎక్కువ. ఎవరని అడగకుండానే నెట్‌వర్క్ నుంచి డాకర్ ఆదేశాలు తీసుకునే 2375 పోర్టు తెరిచి ఉంటే ఇవాళే మూసెయ్యి, దానికి చర్చ అక్కర్లేదు.

కంటైనర్లకి అచ్చుల్లాంటి ఇమేజ్‌లు దాచుకునే హార్బర్ మీరూ వాడుతున్నారన్నావు. 2019లో దానిలో బయటపడ్డ లోపం వింటే నవ్వొస్తుంది. కొత్త యూజర్‌గా నమోదయ్యేటప్పుడు "నేను అడ్మిన్‌ని" అని ఒక ముక్క చేర్చి పంపితే నిజంగానే అడ్మిన్‌ని చేసేసేది! ఎవరైనా సొంతంగా నమోదు చేసుకునే సౌకర్యం మీకు అవసరం లేకపోతే తీసెయ్యి.

ఎవరేం చేశారో రాసుకునే లాగ్ ఉంది కదా అనే ధీమా కూడా వద్దు. 2018 డిసెంబర్‌లో బయటపడ్డ కుబర్నెటీస్ లోపానికి తీవ్రత పదికి 9.8 వేశారు. ఏపీఐ సర్వర్ చేత దాని వెనకనున్న సర్వర్‌కి ఒక కనెక్షన్ తెరిపించి, ఆ సర్వర్ ఎర్రర్ ఇచ్చినా కనెక్షన్ మూసుకోకుండా ఉండిపోతే, ఆ దారిలోనే ఏపీఐ సర్వర్ సొంత అధికారంతో ఆదేశాలు పంపుకోగలిగేవారు. అవి ఏపీఐ సర్వర్ ఆడిట్ లాగ్‌లో పడేవి కావు. దాన్ని 1.10.11, 1.11.5, 1.12.3 వెర్షన్లలో సరిచేశారు.

అప్‌గ్రేడ్ అంటే గుర్తొచ్చింది, దసరా అయ్యాక పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వారంలో మాత్రం పెట్టుకోకు. ఆ మంగళవారం కోట వైపు దారులన్నీ జనమే, ఏదైనా తేడా వస్తే ఆఫీసుకి చేరలేవు.

నీకు ముందు ఆ సీట్లో ఉన్నాయన ఉద్యోగం మానేశాడన్నావు కదా. ఆయన పాస్‌వర్డ్ మార్చడంతో పని అయిపోదు. క్లయింట్ సర్టిఫికెట్‌తో (పాస్‌వర్డ్ బదులు చూపించే డిజిటల్ గుర్తింపు పత్రం) లాగినయ్యేవాడైతే, దాన్ని రద్దు చేసే ఏర్పాటు కుబర్నెటీస్‌లో లేదు. గడువు తీరేదాకా అది చెల్లుతుంది. మామూలు రోల్ అయితే ఆయన పేరు మీదున్న బైండింగ్‌లు తీసెయ్యొచ్చు. కానీ ఆ సర్టిఫికెట్‌లో, రోల్స్‌తో పని లేకుండా సర్వాధికారముండే సిస్టమ్ మాస్టర్స్ గ్రూపు రాసి ఉంటే బైండింగ్‌లు తీసినా లాభం లేదు, దాని మీద సంతకం పెట్టిన సీఏనే (సర్టిఫికెట్లు జారీచేసే మూలం) మార్చాలి. అది పెద్ద పని, మీ మేనేజర్‌తో ముందే మాట్లాడుకోవాలి. ఆ సర్టిఫికెట్‌లో ఏ గ్రూపు ఉందో, గడువు ఎప్పటిదాకా ఉందో చూసి ఉంచు. ఈ ఆదివారం వస్తున్నావు కదా, కూర్చుని చూద్దాం.

మీ మావయ్య