ఆ టెండరు మనదాకా ఎందుకు రాదు?

ప్రశ్న: బాలానగర్‌లో మాకు చిన్న సీఎన్‌సీ షాపు (కంప్యూటర్‌తో నడిచే మిషన్ల మీద లోహపు భాగాలు చేసేది) ఉంది. మిలిటరీ బండ్లకు వాడే ఒక బుష్ (అరుగుదల తట్టుకునే చిన్న గొట్టం లాంటి భాగం) కోసం టెండరు వేశారని, మూడు నాలుగు కంపెనీలకే పంపారని గడువు అయిపోయాక తెలిసింది. అలాంటివి మేం రోజూ చేస్తాం. ప్రజల డబ్బే కదండీ, అందర్నీ పిలవరేం?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ కోపంలో సగం న్యాయం ఉంది. మిగతా సగం ఏంటంటే, బుష్ కొలతలు తీయడం మీకు పెద్ద పని కాదు గానీ, అది ఏ లోహం, హీట్ ట్రీట్‌మెంట్ ఎలా చేశారు, ఎంత అరుగుదల తట్టుకోవాలి అన్నవన్నీ డ్రాయింగులో ఉంటాయి, ఆ డ్రాయింగు చాలాసార్లు మన సైన్యం దగ్గర కూడా ఉండదు, విదేశీ కంపెనీ బీరువాలో ఉంటుంది. ఇక సైనిక విమానంలో వాడేదైతే, అలాంటి భాగాలకు అనుమతిచ్చే బెంగళూరులోని సెమిలాక్ అనే సంస్థ ఒప్పుకోవాలి.

రూలు కూడా ఉంది. కేంద్రం 2017లో తెచ్చిన జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో (ప్రభుత్వ ఖర్చులు, కొనుగోళ్ల నిబంధనలు) 162వది లిమిటెడ్ టెండరు, అంటే ఎంచుకున్న కొందరినే పిలిచేది, 166వది సింగిల్ టెండరు, అంటే ఒక్కరినే పిలిచేది. తయారీదారు ఒక్కడే అయినా, ఉన్న యంత్రానికి సరిపోయే స్పేరే కావాలన్నా ఒక్కరి దగ్గరే కొనొచ్చు, కాకపోతే ఇంకెవరిదీ పనికిరాదని అధికారి సర్టిఫికెట్ రాసి పెట్టాలి. నాకు అనుమానం వచ్చేది ఇక్కడే. కొత్తవాడి సరుకు పరీక్షించాలంటే నెలలు పడుతుంది, పాత ఫైలు చూసి సంతకం పెట్టడానికి నిమిషం చాలు.

ఒక్కడి మీదే ఆధారపడితే ఏమవుతుందో అమెరికా వాళ్లకూ తెలిసొచ్చింది. ట్రాన్స్‌డైమ్ అనే కంపెనీ అమ్మిన 47 రకాల స్పేర్లను అక్కడి రక్షణ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ పరిశీలిస్తే 46 రకాల్లో లాభం మితిమీరిందని తేలింది. 2019లో ఆ నివేదిక వచ్చాక కంపెనీ కోటీ 61 లక్షల డాలర్లు వెనక్కిచ్చింది. మనకైతే ధర కంటే సరఫరా పెద్ద తలనొప్పి. మన వాయుసేన వాడే ఏఎన్-32 రవాణా విమానాల ఆధునికీకరణకు 2009లో ఉక్రెయిన్‌తో ఒప్పందం చేసుకున్నాం, 2014లో అక్కడ గొడవలు మొదలయ్యాక స్పేర్లకు కటకట వచ్చింది.

మీ సంగతికొస్తే, టెండరు పడ్డాక పరిగెత్తితే లాభం లేదు, ముందే వాళ్ల వెండర్ల జాబితాలో మీ పేరుండాలి. రక్షణ శాఖ 2020 ఆగస్టులో తెరిచిన సృజన్ పోర్టల్‌లో ఇప్పటిదాకా దిగుమతి చేసుకుంటున్న భాగాలు పెడుతున్నారు, అందులో మీ మిషన్లకు సరిపోయేది ఒక్కటే ఎంచుకోండి, పదింటి వెంట పడొద్దు. శాంపిల్ చాలాసార్లు మీ ఖర్చుతోనే చేయాలి, పాసవుతుందన్న గ్యారంటీ లేదు, పాసైనా ఆర్డరు పాతిక పీసులే కావచ్చు. అందుకే డై (అచ్చు) చేయించే ముందు, గత ఐదేళ్లలో ఆ భాగాన్ని ఎన్ని కొన్నారో సంబంధిత విభాగాన్ని రాతపూర్వకంగా అడగండి.